పైసలిచ్చినోళ్లే ప్రచారం చేస్తారు

(నల్లగొండలో చిత్రకారులు, గాయకులు, చేనేత కళాకారులు కలుసుకున్న ఒక సమావేశంలో బోర్డు ఆర్టిస్టు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న తమ్ముళ్లకు వినపడుతోందా? ఆ మూల ఫ్యాను ఒకటి ఆపితే బాగుంటుంది, టకటకమంటోంది. ఆ, చాలు.

నన్ను పిలిచినోళ్లు "కళాకారులకు పైసలెట్లా వస్తాయో చెప్పన్నా" అన్నారు. ఇంటికి పోయి ఆ మాట చెబితే మా ఇంటామె చాలాసేపు నవ్వింది. "నువ్వా చెప్పేది?" అంది. నిజమే మరి. పాతికేళ్లకు పైగా బోర్డులు రాస్తున్నాను. అందులో సగం కాలం ఉద్దెర వసూలు చేసుకుంటూ తిరగడానికే పోయింది. ఒక దవాఖాన బోర్డుకు రావాల్సిన 3,000 కోసం పదకొండు సార్లు పోయాను. పన్నెండోసారి పోతే దవాఖానే లేదు. బోర్డు మాత్రం ఉంది.

మాది గట్టుప్పల దగ్గర చిన్న ఊరు. పద్మశాలీలం. నాయిన మగ్గం నేసేవాడు. మగ్గం మాదే, గుంట మాదే, నడుం నొప్పి మాదే. నూలు మాత్రం సావుకారిది. చీర దిగిన రోజు నాయిన దాన్ని మడతపెట్టి సంచిలో వేసుకుని బస్సెక్కేవాడు. సాయంత్రానికి మజూరీ పైసలతో, మళ్లీ కొత్త నూలుతో దిగేవాడు. ఆ చీర ఎవరు కట్టుకున్నారో ఆయనకు తెలియదు. కట్టుకున్నామెకు ఆయన తెలియదు. నేను ఇవాళ ఎన్ని చెప్పినా ఈ రెండు మాటల దగ్గరికే వస్తాను, అందుకని ముందే చెప్పేశాను.

పదో తరగతి అయ్యాక నల్లగొండ వచ్చి ఒక గురువు దగ్గర చేరాను. ఆర్నెల్లు బ్రష్షులు కడగడమే పని. తర్వాత గీత కొట్టనిచ్చాడు. దారానికి చాక్‌పీసు పొడి రుద్ది, రెండు కొసలు ఇద్దరు గోడకు నొక్కిపట్టి, నడుమ లాగి వదిలితే టప్‌మని తెల్లగీత పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెంటి నడుమ అక్షరం నిలబడాలి. తెలుగు అక్షరం అంత తొందరగా మాట వినదు. తలకట్టు పైకి లేస్తుంది, ఒత్తు కిందికి దిగుతుంది. "శ్రీ" రాయాలంటే కింద ఎంత జాగా వదలాలో ముందే లెక్క ఉండాలి. లేకుంటే ఆ ఒత్తు పోయి కిందున్న ఫోన్ నంబరు మీద కూర్చుంటుంది. ఈ లెక్క నాకు బాగా వచ్చింది. అక్షరం రాసే ముందు గీత కొట్టుకునేవాణ్ణి. పని ఒప్పుకునే ముందు మాత్రం ఏ గీతా కొట్టుకోలేదు.

2005 ప్రాంతంలో మా దగ్గర ఫ్లెక్స్ మిషన్లు దిగాయి. నేను నాలుగు రోజులు రాసే బ్యానరు గంటలో బయటికొస్తోంది. పైగా దాని మీద నాయకుడు నవ్వుతున్నాడు. నేను గీస్తే ఏ నాయకుడూ అంత బాగా నవ్వలేదు. ఆ రెండు మూడేళ్లలో మాలో కొందరు ఆటోలు కొన్నారు, కొందరు ఇళ్లకు రంగులు వేయడానికి పోయారు. ఒకాయన పోయి ఫ్లెక్స్ షాపులోనే డిజైనర్‌గా కుదిరాడు. మా అందరిలో తెలివైనోడు ఆయనే.

నేను పౌరుషానికి పోయాను. నా బొమ్మలు నేనే అమ్ముకుంటా అనుకున్నాను. మన జిల్లా బొమ్మలు పన్నెండు వేశాను. అప్పటికి ఇంకా ఒకటే జిల్లా కదా. నాగార్జునసాగర్, దేవరకొండ ఖిల్లా, భువనగిరి గుట్ట, పిల్లలమర్రి గుడి, కొలనుపాక, ఇట్లా. చిట్టీ ఎత్తాను. చాలలేదు. మా ఇంటామె గాజులు కుదువపెట్టి 1,000 క్యాలెండర్లు కొట్టించాను. డిసెంబర్ ఆఖరు వారంలో కట్టలు ఇంటికొచ్చాయి. ఎంత బాగున్నాయో! సంక్రాంతి నాటికి 130 పోయాయి. ఫిబ్రవరిలో క్యాలెండర్ విలువ ఎంతో తెలుసా మీకు? మా వీధి మూల మీద మిర్చి బజ్జీల బండాయన కిలోల లెక్కన తీసుకున్నాడు. ఆ ఎండాకాలం నల్లగొండలో చాలామంది దేవరకొండ ఖిల్లాలో బజ్జీలు తిన్నారు.

(నవ్వులు)

నవ్వండి, పర్వాలేదు. గాజులు విడిపించడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

తప్పు ఎక్కడ జరిగింది? బొమ్మల్లో లేదు. బజ్జీలు తిన్నోళ్లు కూడా నూనె మరక తుడిచి చూసేవాళ్లట. వెయ్యి కొట్టించే ముందు నేను పదిమందిని కూడా అడగలేదు, అదీ తప్పు. ఎవరి ఇంటి గోడ కోసం వేశానో నాకే తెలియదు. మళ్లీ నాయిన చీరే.

మనకు పనిలో ఎన్ని ఉపాయాలు వస్తాయి! నీలం డబ్బా అయిపోతే నలుపులో తెలుపు కలిపి పక్కన కాస్త నారింజ రంగు పెడితే అదే నీలంగా కనిపిస్తుంది. గోడ పగిలి ఉంటే ఆ పగులునే చెట్టుకొమ్మ చేస్తాం. అదే బుర్ర పైసల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో పెట్టి వస్తాం. "ఎంత తీసుకుంటవన్నా?" అంటే "మీ ఇష్టం సార్" అంటాం. ఈ "మీ ఇష్టం" ఎన్ని కొంపలు ముంచిందో.

రెండేళ్ల తర్వాత మళ్లీ క్యాలెండరే వేశాను. ఇంట్లో గొడవ. కానీ ఈసారి బ్రష్షు ముట్టుకోలేదు, ముందు ఒక నోటుపుస్తకం పట్టుకుని బజారుకు పోయాను. నెలకొక దుకాణం. ఒక్కో నెల 4,000. ఆ నెల కాగితం మీద బొమ్మ నాది, కింద పట్టీలో పేరు వాళ్లది. పైసలు ముందే. ఒక్కో దుకాణానికి 80 క్యాలెండర్లు ఇస్తాను, వాళ్ల గిరాకీలకు వాళ్లే పంచుకుంటారు. దసరా నెల బట్టల షాపాయన అడక్కుండానే పట్టేశాడు. మే నెల కూలర్లాయన. జూన్ దగ్గర పెద్ద పంచాయితీ అయింది. ఎరువుల దుకాణపాయనకు మృగశిర కార్తె కావాలి, పుస్తకాల షాపాయనకు బడులు తెరిచే రోజులు కావాలి. ఇద్దరూ వదలరు. ఆఖరికి ఎరువులాయన 5,000 ఇచ్చి తీసుకున్నాడు, పుస్తకాలాయన అలిగి జనవరి కొన్నాడు. జూలై ఎవరికీ వద్దు. ఆషాఢం, పెళ్లిళ్లుండవు, గిరాకీ ఉండదు. గొడుగులు, టార్పాలిన్లు అమ్మే ఒకాయన 3,000కు ఒప్పుకున్నాడు. కలిపితే 48,000. ప్రెస్సుకు కట్టగా నాకు 20,000 పైనే మిగిలింది. అదీ ఇంకా బొమ్మ వేయకముందే.

అసలు సంగతి తర్వాత అర్థమైంది. ఆ క్యాలెండర్లు నేను ఒక్కటి కూడా మోయలేదు. పన్నెండు మంది దుకాణదారులు నా బొమ్మలను తమ సొంత బొమ్మల్లాగా పంచారు. "మా నెల చూసినవా?" అని చూపించేవాళ్లు. ప్రతి కాగితం మూలన నా పేరు, నంబరు ఉన్నాయి. ఆ ఏడు నాకు వచ్చిన పనుల్లో సగం ఆ మూల నుంచి వచ్చినవే. పైసలు పెట్టినోడు ఊరుకోడు, తను పెట్టినది పదిమందికి చూపించుకుంటాడు. మనమేమో పెట్టుబడి ఒకరి దగ్గర అడగాలి, ప్రచారం ఇంకొకరితో చేయించాలి అనుకుంటాం.

బడి గోడ కథ కూడా చెప్తాను. అది నాకు ఇష్టమైనది.

ఒక సర్కారు బడి హెడ్మాస్టరు గారు పిలిచారు. ప్రహరీ గోడ మీద బొమ్మ కావాలి, పైసలు లేవు. మామూలుగా అయితే "మీ ఇష్టం సార్" అనేవాణ్ణే. గోడ కొలిచాను. 40 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు. 240 చదరపు అడుగులు. అడుగుకు 150 వేసుకుంటే 36,000. ఆ బడిలో పదో తరగతి చదివిన ఒక బ్యాచికి వాట్సాప్ గ్రూపు ఉందని తెలిసింది. ఇప్పుడు ఏ బ్యాచికి లేదు చెప్పండి? పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టుకునే గ్రూపులే. అందులో గోడ ఫొటో పెట్టించాను. దాని మీద దారంతో గీతలు కొట్టి 240 గడులు చేశాను, ప్రతి గడికి చాక్‌పీసుతో నంబరు వేశాను. ఒక్కొక్కరికి నాలుగు గడులు, 600 రూపాయలు. అరవై మంది అయితే గోడ నిండుతుంది. నిండితేనే మొదలుపెడతాను, నిండకపోతే ఎవరివి వాళ్లకు తిరిగి పంపిస్తాను అని రాశాను. అయిదు రోజులు పట్టింది. భీవండిలో పవర్‌లూమ్ నడిపేవాళ్లు పంపారు, దుబాయి నుంచి ఒకాయన పంపాడు. గ్రూపులో ఉండి పదేళ్లుగా ఒక్క మాట మాట్లాడని ఒకావిడ అందరికంటే ముందు పంపింది.

బొమ్మ పానగల్ ఛాయా సోమేశ్వరాలయం. పక్కన ఉదయసముద్రం చెరువు, గట్టు మీద మేకలు, పిల్లలు. వారం రోజులు ఫోను మోగుతూనే ఉంది. "అన్నా, నా గడుల్లో ఏమొచ్చింది?" ఒకాయనకు చెరువు నీళ్లు. ఒకాయనకు మేక తోక, కొంచెం గడ్డి. దుబాయి ఆయనకు 117 నుంచి 120 దాకా. ఆ నాలుగు గడుల్లో మొత్తం నలుపే. "600 ఇచ్చి నల్లరంగు కొన్నానా?" అని మండిపడ్డాడు. నేను చెప్పాను, "సార్, ఆ గుడిలో లింగం వెనక రోజంతా కదలకుండా నిలబడే స్తంభం నీడ ఒకటుంది కదా, దాన్ని చూడ్డానికే జనం వస్తారు. ఆ నీడ మీదే." కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. తర్వాత సెలవుల్లో వచ్చి, భార్యాపిల్లలను ఆ నీడ పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటో చూసి వాళ్ల బావమరిది నాకు మిర్యాలగూడలో ఫంక్షన్ హాలు గోడలు ఇప్పించాడు.

ఇట్లా పోగేసి చేయడానికి ఇప్పుడు ఇంగ్లీషు పేర్లు, వెబ్‌సైట్లు ఉన్నాయి. క్రౌడ్ ఫండింగ్ అంటున్నారు. 1976లో శ్యామ్ బెనగళ్ 'మంథన్' సినిమాకు గుజరాత్ పాడిరైతులు అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు ఇచ్చారు. ఆ బెనగళ్ మన తిరుమలగిరిలో పుట్టినాయనే, హైదరాబాదు తిరుమలగిరి. సినిమా వచ్చాక ఆ రైతులు బండ్లు కట్టుకుని వెళ్లి చూశారు. ఎందుకు చూడరు? వాళ్ల రెండు రూపాయలు అందులో ఉన్నాయి, వాళ్ల పాలు అందులో ఉన్నాయి.

అంత దూరం కూడా పోనక్కరలేదు. మా చిన్నప్పుడు మా ఊరికి మా పద్మశాలీల కథ చెప్పే కూనపులి వాళ్లు వచ్చేవాళ్లు. గుడి ముందు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. పటం ఒక్కో గడి దిగుతుంటే మేము పిల్లలం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. వాళ్లకు ఊళ్లు పంచి ఉంటాయి. దాన్ని మిరాశి అంటారు. మా ఊరు ఒక మేళానిది. ఇంకో మేళం వచ్చి అడగదు, అడిగినా మేము ఇవ్వం. కులపెద్ద ఇంటికింత అని వేసేవాడు. కథ ఎట్లా ఉంది, ఎంతివ్వాలి అనే బేరమే లేదు. చిందు, డక్కలి కళాకారులకు మాదిగవాడల్లో ఇట్లాంటి హక్కే ఉండేది. ఈ ఏర్పాటు అంతా మంచిదని నేను అనను. అందులో కులం ఉంది, అడుక్కునేవాళ్లన్న చిన్నచూపు ఉంది, దాన్ని మళ్లీ తేవాలని ఎవరికీ ఉండొద్దు. నేను చూసేది ఒక్కటే. ఇచ్చేవాళ్ల కథే చెప్పేవాళ్లు. మా పుట్టుక, మా మూలపురుషుడు భావనారుషి, మా మగ్గం. అందుకే ఇచ్చినోడికి దానం చేసినట్టు ఉండేది కాదు. బడి గోడ మీద నేను చేసింది కూనపులి వాళ్ల దగ్గర నేర్చుకున్నదే, కాకపోతే కులం బదులు పదో తరగతి బ్యాచి.

ప్రశ్న: మరి రాజులు, సంస్థానాలు పోషించినప్పుడే బాగుండేదేమో కదన్నా?

పాలమూరు తమ్ముడా నువ్వు? అవును, గద్వాలను విద్వద్గద్వాల అనేవాళ్లు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, కవులు ఈ సంస్థానాలన్నీ తిరిగేవాళ్లు. రాజు బాగుంటే బాగుండేది. ఒక్క దొర చేతిలో మన తిండి ఉంటే ఆ దొర మూతి ముడిస్తే పస్తే కదా. ఇప్పుడూ అంతే, ఒక్క పెద్ద కాంట్రాక్టు మీద బతికే ఆర్టిస్టుకు రాత్రి నిద్ర పట్టదు. నాకు సంస్థానాల్లో నచ్చేది వేరే ఉంది. తిరుపతి వేంకట కవులు అట్లా సంస్థానాలకు పోయి అవధానాలు చేసేవాళ్లు. వాళ్లు రాసిపెట్టుకున్న పద్యాల కట్ట తీసుకుపోయి కొనమని అడగలేదు. నలుగురి ముందు కూర్చుని, అడిగినోడి ముందే పద్యం పుట్టించారు. నడుమ గంట కొట్టేవాడు ఒకడు, అడ్డం మాట్లాడేవాడు ఇంకొకడు. పద్యం ఎంత కష్టంగా పుడుతుందో సభకు తెలిసింది. అందుకే విలువ.

ఈ మాట చేనేతోళ్లు బాగా వినాలి. పుట్టపాకలో మా మేనల్లుడు తేలియా రుమాలు నేస్తాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఆముదం కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి నూలును నానబెడతారు, పిసుకుతారు, ఎండలో ఆరబెడతారు. మళ్లీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. అప్పుడు గానీ ఆ నూలు రంగును పట్టుకోదు. ఎరుపు, నలుపు, తెలుపు. బట్టకు ఒక నూనె వాసన ఉంటుంది, అందుకే తేలియా అన్నారు. చీరాల నుంచి వచ్చిన విద్య, ఇప్పుడు పుట్టపాకలో నిలబడింది. 2020లో దానికి జీఐ, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకే అనే సర్కారు గుర్తింపు వచ్చింది. మావాడు మొదట్లో ఏం చేసేవాడంటే, తయారైన దుపట్టా ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాడు. జనం "ప్రైస్ ప్లీజ్" అని అడిగేవాళ్లు. చెప్పగానే మాయం. ప్రింటు బట్ట ఫొటోకూ దీనికీ ఫోన్లో తేడా ఏం తెలుస్తుంది?

ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఇప్పుడు వాడు నెలకు రెండే ఆర్డర్లు తీసుకుంటాడు. సగం బయానా. బయానా అందగానే వాడు పోస్టులో చిన్న కవరు పంపిస్తాడు. అందులో నూనెలో నానిన నూలు, వేలెడంత కుచ్చు. "ఇది మీ బట్టలోకి పోయే నూలు, వాసన చూడండి" అని ఒక చీటీ. అంతే. ఆ కవరు అందుకున్నామె నాలుగు ఇళ్లకు తీసుకుపోయి చూపిస్తుంది. తర్వాత చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకుండా నూలుకు ముడులు వేసేటప్పుడు ఒక ఫొటో, రంగులో ముంచేటప్పుడు ఒకటి, మగ్గం ఎక్కినప్పుడు ఒకటి. మగ్గం ఎక్కాక పావు వంతు పైసలు, దిగాక మిగతా పావు. నెలరోజులు ఆలస్యమైనా ఎవరూ తిట్టలేదు. వర్షం పడి నూలు ఆరలేదని వాడు ఫొటో పెడితే, హైదరాబాదు నుంచి ఆమె "ఇక్కడ ఎండ ఉంది, పంపించనా" అని రాసింది. బేరం ఆడే మనిషి ఆ మాట రాస్తుందా?

ఇంకో చిన్న మాట. పోచంపల్లికి 2005లో, గద్వాల చీరకు 2010లో జీఐ వచ్చింది. అది ప్రాంతానికి వచ్చిన పేరు. మీరు దాన్ని అధికారికంగా వాడుకోవాలంటే మీ పేరు కూడా అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. చాలామంది ఈ పని చేయలేదు. చేయించుకోండి. నూలుకే ముందు రంగులద్ది నేసే ఇక్కత్ నిజమైనదైతే దానికి ముందూ వెనకా ఒకటే డిజైన్ ఉంటుంది, అంచులు కాస్త అలుక్కుపోయినట్టుంటాయి. "తిప్పి చూడండి" అని ప్రతి ప్యాకెట్ మీద రాయండి. దానికి ఖర్చు లేదు.

ప్రశ్న: మేము జానపద పాటలు పాడతామన్నా. యూట్యూబ్ ఛానెల్ వాళ్లు పాటకు ఐదు వేలిచ్చి సంతకం పెట్టించుకుంటున్నారు. పాటకు కోట్ల వ్యూస్ వస్తున్నాయి, మాకేం రాదు.

కూర్చో చెల్లె. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. నా బొమ్మను ఒక సంస్థ నన్ను అడక్కుండా సంచుల మీద కొట్టినప్పుడు నేను వకీలు దగ్గర కూర్చుని తెలుసుకున్నవి ఇవి.

మొదటిది, నోటిమాట మీద హక్కు పోదు. కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసివ్వాలంటే కాగితం ఉండాలి, నీ సంతకం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకు అని రాయకపోతే అయిదేళ్లే లెక్క. ఎక్కడెక్కడ అని రాయకపోతే మన దేశం వరకే. అందుకే వాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకుంటారు. సంతకం పెట్టే ముందు ఆ రెండు మాటల కోసం వెతుకు. కొట్టేసి "మూడేళ్లు" అని రాయమని అడుగు. సగం మంది ఒప్పుకుంటారు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ అడగలేదు.

రెండోది, పాట రాసింది నువ్వే, బాణీ కట్టింది నువ్వే అయితే 2012లో చట్టం మారింది. రికార్డు చేసిన పాట మీద వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమానవాటా హక్కు ఉంది, దాన్ని వదులుకుంటున్నా అని రాసిచ్చినా చెల్లదు. పాత బతుకమ్మ పాట, నాట్లపాట అయితే దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదు, ఛానెల్‌కు కూడా. పాడిన గొంతు మీద మాత్రం పాడినవాళ్లకు హక్కు ఉంది.

సొంత ఛానెల్ పెట్టుకోవచ్చు గానీ ప్రకటనల పైసలు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల చూపు కావాలి. వచ్చినా మొదట్లో చాయ్ పైసలే. నా ఉద్దేశం అడిగితే, ఛానెల్‌ను దుకాణం అనుకోవద్దు, బోర్డు అనుకో. దుకాణం వేరే ఉండాలి. పెళ్లిళ్లున్నాయి, పుట్టినరోజులున్నాయి, కొత్త ఇల్లున్నాయి. వాళ్ల ఊరి పేరు, వాళ్ల తాత పేరు పెట్టి పాట కట్టిస్తానని చెప్పు. పదివేలు అడుగు. ఆ పాటను ఆ ఇంటోళ్లు చుట్టాలందరికీ పంపుతారు. నీ ఫోన్ నంబరు పాట చివర నువ్వే పాడు.

(చప్పట్లు)

ప్రశ్న: అవార్డులు వస్తే బతుకు మారుతుందా?

కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. మన నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల దగ్గరాయన, పన్నెండు మెట్ల కిన్నెర. ఆయన 2024లో కూలిపనికి పోతున్నట్టు వార్తల్లో చూసి నాకు ఆ రోజు అన్నం సహించలేదు. నారాయణపేట జిల్లా దామరగిద్ద నుంచి బుర్రవీణ దాసరి కొండప్ప గారికి 2024లో వచ్చింది. రావాలి, ఇంకా రావాలి. గౌరవం గౌరవమే. కానీ శాలువా కప్పినోళ్లలో ఎంతమంది మరుసటి నెల కచేరీ పెట్టించారు? కిన్నెర కచేరీ వినడానికి ఊరికి వంద మంది నెలకు యాభై రూపాయలు వేసుకుంటే నెలకు 5,000. ఇరవై ఊళ్లయితే? లెక్క మీరే వేయండి. దానికి ఏ మంత్రి సంతకమూ అక్కర్లేదు.

ప్రశ్న: లోన్ల గురించి చెప్పలేదు.

తొందరగా చెప్తాను, నాకు అప్పుల మీద పెద్ద ప్రేమ లేదు. కేంద్రం పెట్టిన ముద్ర లోన్లలో శిశు అని ఉంది, 50,000 వరకు, తనఖా అడగరు. 2023 సెప్టెంబరులో చేతివృత్తులవాళ్ల కోసం మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో మొదట లక్ష, 5 శాతం వడ్డీ, 18 నెలల్లో కట్టాలి. పనిముట్లకు 15,000 వేరే. అందులో 18 వృత్తులున్నాయి. శిల్పి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, బొమ్మలు చేసేవాడు ఉన్నాడు. మగ్గం లేదు, నా లాంటి బోర్డు ఆర్టిస్టూ లేడు. ఉన్నవాళ్లు వాడుకోండి. పనిముట్టు కొనడానికి అప్పు తీసుకోండి. అమ్ముడుపోని సరుకు తయారుచేయడానికి మాత్రం వద్దు. నా బజ్జీల కథ గుర్తుంది కదా.

ఇంక ఒక్క పని చేసి పోదాం. గద్వాల పక్కన పెరిగిన సురవరం ప్రతాపరెడ్డి గారు తెలుసు కదా. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు. పేర్లు పోగేశారు. 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు, 354 మంది కవులు తేలారు. మన దగ్గరేమో పెళ్లి చేసేవాళ్లు స్టేజి వెనక బొమ్మ కోసం హైదరాబాదు పోతున్నారు. ఎందుకంటే మనం ఉన్నామని వాళ్లకు తెలియదు. ఇక్కడ ఇప్పుడు అరవై డెబ్బై మందిమి ఉన్నాం. నేను ఒక పెద్ద పుస్తకం తెచ్చాను. నాలుగు గీతలు కొట్టి ఉంచాను. పేరు, ఏం చేస్తారు, ఫోన్ నంబరు, నాలుగో దాంట్లో పనికి ఎంత తీసుకుంటారు. ఈ నాలుగో గడి ఎవరూ ఖాళీగా వదలొద్దు, "మీ ఇష్టం" అని రాయొద్దు. ఇందులో మీ పేరు పడాలంటే 100 రూపాయలు. ఆ పైసలతో చిన్న పుస్తకం వేసి ఫంక్షన్ హాళ్లకు, బడులకు, బట్టల షాపులకు మనమే ఇద్దాం. ఒక్కొక్కరు పది కాపీలు పంచాలి.

ముందు ఆ పాటల చెల్లె రాయాలి. నువ్వు పదివేలనే రాయి, తగ్గించకు. తర్వాత వెనక్కి పంపండి. పెన్ను మాత్రం ఎవరూ జేబులో పెట్టుకోకండి, అది ఇక్కడి లైబ్రేరియన్ గారిది, ఆయన అప్పటి నుంచి దాన్నే చూస్తున్నారు.